కాంటాక్టు లెన్సులూ, కళ్ళజోళ్ళూ: నాలుగు చోట్ల అడిగి కొనండి

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, "కళ్ళ గురించి ఓ అరగంట మాట్లాడండి. కానీ రోగాల పేర్లు చెప్పి మమ్మల్ని భయపెట్టొద్దు. డబ్బు ఎట్లా ఆదా చేసుకోవాలో చెప్పండి" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆఫ్తాల్మిక్ అసిస్టెంటుగా యేళ్ళ తరబడి కూర్చుని అక్షరాల బోర్డు చదివించినవాణ్ణి నేను. డాక్టరుని కాను. పవరు చూడటం, చీటీ రాయటం, ఆపరేషను కావలసినవాళ్ళని ఏరి పెద్దాసుపత్రికి పంపటం, యిదీ నా వుద్యోగం. చీటీ పుచ్చుకుపోయినవాళ్ళు బయట ఏం కొన్నారో, ఎంతకు కొన్నారో మళ్ళీ నా దగ్గరకొచ్చినప్పుడు చెబుతూ వుండేవాళ్ళు. అట్లా విని విని బజారు సంగతి కూడా కొంత వొంటబట్టింది.

మనవాళ్ళలో చాలామంది కంటి పరీక్షా, కళ్ళజోడూ రెండూ ఒకటే సరుకనుకుంటారు. షాపులోకి వెళ్ళటం, అక్కడి మిషనులోకి తొంగిచూడటం, ఫ్రేము ఎంచుకోవటం, డబ్బు కట్టి రావటం. అవి మూడు వేరు వేరు సంగతులండీ. పరీక్ష ఒకటి, చీటీ ఒకటి, వస్తువు ఒకటి. మూడూ ఒకేచోట కొనాలని ఎక్కడా లేదు. పరీక్ష మంచిచోట చేయించుకుని, చీటీ చేతపట్టుకుని, వస్తువు సరసమైన చోట కొనుక్కోవచ్చు. బియ్యం ఒక కొట్లో, కూరలు ఒక కొట్లో బేరమాడి కొనే మనకి, కళ్ళజోళ్ళ షాపులో ఏసీ చల్లగా తగిలేసరికి నోరెందుకు పెగలదో నాకు తెలీదు. "ఫ్రీ టెస్టింగు" అని బోర్డు పెట్టినచోట ఆ టెస్టింగు ఖర్చు ఫ్రేములో కలిసే వుంటుంది. అది మోసమని నేను అనను, అది వ్యాపారం. మనం తెలుసుకుని మసలుకోవాలి, అంతే.

సరే, పరీక్ష ఎక్కడ? మన దేశంలో అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైంది. జిల్లా ఆసుపత్రుల్లో, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో కంటి విభాగం వుంటుంది. హైదరాబాదులో మెహదీపట్నం దగ్గర సరోజినీదేవి కంటి ఆసుపత్రి వుంది. విశాఖపట్నంలో, కర్నూలులో ప్రాంతీయ కంటి ఆసుపత్రులున్నాయి. యివన్నీ ప్రభుత్వానివి. ధర్మాసుపత్రుల్లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పేరు మీరందరూ వినేవుంటారు. సినిమా నిర్మాత ఎల్.వి. ప్రసాద్‌గారు యిచ్చిన విరాళంతో, డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారి సారథ్యంలో 1987లో హైదరాబాదులో మొదలైంది. ఆ తర్వాత విశాఖపట్నంలో, విజయవాడ పక్కన తాడిగడపలో కూడా పెట్టారు. యివ్వగలిగినవాళ్ళ దగ్గర రుసుము తీసుకుంటారు, యివ్వలేనివాళ్ళకి వుచితంగా చేస్తారు. చిన్న చిన్న వూళ్ళలో వాళ్ళ విజన్ సెంటర్లు కూడా వున్నాయి. గుంటూరు దగ్గర పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి వుంది. తిరుపతిలో, మధురై అరవింద్ వాళ్ళ ఆసుపత్రి వుంది.

వూరూరా తిరిగే శిబిరాలు కూడా మీరు చూశారు. తెలంగాణలో కంటివెలుగు 2018 ఆగస్టు 15న మొదలైంది, 2023లో రెండో విడత జరిగింది. ఆంధ్రలో ఆ పేరుతోనే 2019 అక్టోబరులో మొదలైంది. ఆ శిబిరాల్లో యిచ్చిన కళ్ళజోళ్ళు ఎన్ని యిళ్ళల్లో యినప్పెట్టెల్లో భద్రంగా పడివున్నాయో నేను కళ్ళారా చూశాను. "వుచితంగా యిచ్చిందేగదా, పెళ్ళికెళ్ళేటప్పుడు పెట్టుకుందాం" అని దాచినవాళ్ళున్నారు. పెట్టుకోని అద్దానికి ఎంత తక్కువ పెట్టినా దండగే.

ప్రభుత్వాసుపత్రిలో పైసా పుచ్చుకోరు, నిజమే. కానీ ఓ పూటో, ఓ రోజో పోతుంది. దర్జీపని చేసుకునే మనిషికి ఆ రోజు కూలి కూడా ఖర్చే. కాబట్టి వెళ్ళేరోజు చూసుకుని యింట్లో చూపించాల్సినవాళ్ళంతా కలిసి వెళ్ళండి. పాత కళ్ళజోడు, పాత చీటీ, వాడుతున్న మందుల సీసాలు సంచిలో వేసుకోండి. కంట్లో చుక్కలు వేసి పాప పెద్దది చేసి చూస్తే ఆ పూటకి దగ్గర చూపు మసక. సూదిలో దారం ఎక్కదు, బండి నడపకూడదు. తోడు ఒకరుండాలి. చిన్నపిల్లల్ని మాత్రం యీ చుక్కలు వేయకుండా చూసి పవరు రాయించుకోకండి. పిల్లల కన్ను బిగబట్టి చూస్తుంది, లేని మైనస్ వున్నట్టు కనబడుతుంది.

యిప్పుడు చీటీ. అది మీది. డబ్బిచ్చి చేయించుకున్నా, వుచితంగా చేయించుకున్నా సరే, అడిగి తీసుకోండి, ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. అందులో వుండేది తెలుసుకోవటం కష్టమేమీ కాదు. కుడికన్నుకి ఒక వరస, ఎడమకన్నుకి ఒక వరస. మొదటి అంకె పవరు; మైనస్ అంటే దూరం ఆననివాళ్ళు, ప్లస్ అంటే ఆ రెండోరకం. తర్వాత సిలిండరు, దాని పక్కన యాక్సిస్, అంటే సిలిండరు ఏ కోణంలో నిలబెట్టాలో 1 నుండి 180 దాకా ఒక అంకె. నలభై దాటినవాళ్ళకి కింద "యాడ్" అని చత్వారపు పవరు. చాలా చీటీల్లో రాయని అంకె ఒకటుంది, పీ.డీ. అంటారు. రెండు కనుపాపల మధ్య దూరం, మిల్లీమీటర్లలో. పెద్దవాళ్ళకి సామాన్యంగా 60కి కాస్త అటూ యిటూ వుంటుంది. ఆ దూరం తప్పితే అద్దం నడిమధ్య మీ కనుపాప ముందు నిలవదు. పవరు ఎక్కువైనకొద్దీ తలనొప్పి. చీటీ రాసేటప్పుడే "అయ్యా, పీ.డీ. కూడా రాయండి" అనండి. ఒక్క నిమిషం పని.

చీటీ చేతికొచ్చాక మూడు షాపులు తిరగండి. అద్దం ధర విడిగా, ఫ్రేము ధర విడిగా చెప్పమనండి. కలిపి చెబితే ఎక్కడ తగ్గించారో, ఎక్కడ వేశారో తెలియదు. పిల్లలకయితే ప్లాస్టిక్ అద్దమే, ఆడుకునే పిల్లలకయితే పాలీకార్బనేట్ అద్దమే తీసుకోండి, గాజు వద్దు. ఫ్రేము దగ్గర తగ్గించుకోండి, ఫరవాలేదు. కంప్యూటరు కిరణాలు ఆపుతుందని చెప్పి "బ్లూ కట్" అద్దాలు అంటగడుతున్నారు. 2023లో కాక్రేన్ సంస్థవాళ్ళు అంతకుముందు జరిగిన 17 పరిశోధనలు ఒకచోట పెట్టి చూసి, ఆ అద్దాలవల్ల కంటి అలసటలో తేడా బహుశా వుండదని తేల్చారు. ఆ డబ్బు మిగుల్చుకోండి. యింకొకటి, బిల్లు అడగండి. చూపు కోసం పెట్టుకునే కళ్ళద్దాల మీద, కాంటాక్టు లెన్సుల మీద జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 12 శాతంనుంచి 5 శాతానికి దిగింది. పాత ధర చీటీ అంటించి వుంటే ఆ సంగతి మీరే అడగాలి.

పిల్లలు అమెరికాలో వున్నవాళ్ళకి ఒక మాట. అక్కడ కళ్ళజోడు చీటీ మనిషి చేతికివ్వాలని 1978లోనే రూలు పెట్టారు. కాంటాక్టు లెన్సుల చీటీ కూడా అడక్కపోయినా యివ్వాలని 2004నుంచి వుంది. చీటీ డాక్టరు గుప్పిట్లో వుంటే వస్తువు కూడా అతని దగ్గరే కొనాలి గదా, అందుకని ఆ రూలు. కనక అక్కడ కూడా మనవాళ్ళు చీటీ తీసుకుని నాలుగు చోట్ల ధర కనుక్కోవచ్చు. ఏటా ఓసారి వూరికొచ్చినప్పుడు యిక్కడే జత కుట్టించుకున్నట్టు కళ్ళజోళ్ళు చేయించుకుపోయేవాళ్ళూ వున్నారు. గల్ఫునుంచి వచ్చినవాళ్ళు మరీను. మంచిదే. కానీ విమానం ఎక్కే ముందురోజు షాపుకి పరిగెత్తకండి. కొత్తజోడు ఓ వారం పెట్టుకుని చూసుకునే వ్యవధి వుండాలి.

యిక కాంటాక్టు లెన్సులు. యీ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్నది యిదే, అందులోనూ తల్లులు.

పల్చటి చిన్న గిన్నెలాంటి వస్తువు, నల్లగుడ్డు మీద కన్నీటి పొరలో తేలుతూ కూర్చుంటుంది. మెత్తటి లెన్సు తయారుచేసే పద్ధతి కనిపెట్టినాయన చెకోస్లొవేకియా దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు, ఓటో విక్టర్లే అని. 1961లో యింట్లో పిల్లల ఆటసామాను ముక్కలతో, సైకిలు డైనమోతో ఓ యంత్రం కట్టి మొదటి లెన్సులు తిప్పి తీశాడు. ఆటసామానుతో పుట్టింది కదా అని ఆటవస్తువు కాదది. కంటి నల్లగుడ్డుకి రక్తనాళాలు లేవు. అది గాలినుంచే ప్రాణవాయువు తీసుకుంటుంది. దాని మీద మూత పెడుతున్నామన్న సంగతి మరచిపోకూడదు.

కొంతమందికి అది షోకు కాదు, అవసరం. కెరటోకోనస్ అని ఒకటుంది. నల్లగుడ్డు పల్చబడి శంకువులాగా ముందుకు పొడుచుకొస్తుంది. పదహారు, పదిహేడేళ్ళ పిల్లల్లో చూస్తుంటాం. కళ్ళు దురద, అస్తమానం నులుముకోవటం, ఆర్నెల్లకోసారి సిలిండరు మారిపోవటం. కళ్ళజోడు మార్చీ మార్చీ విసిగిపోతారు. ముదిరినవాళ్ళకి కళ్ళజోడుతో బోర్డు కనబడదు. గట్టిరకం లెన్సు, ఆర్.జి.పి. అంటారు, అది పెడితే కింది వరసలు చదివేస్తారు. రోగం పెరగకుండా ఆపటానికి క్రాస్‌లింకింగ్ అనే చికిత్స వేరే వుంది, అది తొందరగా చేయించాలి. దెబ్బ తగిలి ఒక కన్ను పవరు ఒకలా, రెండో కన్ను పవరు యింకోలా అయినవాళ్ళున్నారు, చాలా ఎక్కువ మైనస్ వున్నవాళ్ళున్నారు. యిట్లాంటివాళ్ళు లెన్సు కోసం ఖర్చుపెడితే నేను వద్దనను. మన సంఘం విద్యానిధిలోంచి పుస్తకాలకిచ్చినట్టే ఆ పిల్లలకి లెన్సుకి యిచ్చినా న్యాయమే. అట్లాంటి లెన్సు మాత్రం షాపులో కాదు, పెద్ద కంటి ఆసుపత్రిలో కాంటాక్టు లెన్సు విభాగం వుంటుంది, అక్కడ కొలత వేసి, పెట్టి చూసి యిస్తారు.

మిగతావాళ్ళ సంగతి వేరు. దాపరికం ఎందుకు, మనిళ్ళలో లెన్సు మాట ఎప్పుడొస్తుంది? అమ్మాయికి సంబంధాలు చూడటం మొదలుపెట్టినప్పుడు. "పిల్లకి సైటుందట" అని అవతలివాళ్ళు వెనక్కి పోతారని భయం. మైనస్ రెండున్నర పవరున్న ఆడపిల్లని కళ్ళజోడు తీయించి చూపులకి కూర్చోబెడతారు. ఆ పిల్లకి పెళ్ళికొడుకు మొహం మసగ్గా కనబడుతుంది. ఎవరిని చూసి ఒప్పుకున్నదో పాపం!

నేను చూసిన ఒక కేసు చెబుతాను. వూరు పేరు, మనుషుల పేర్లు అక్కర్లేదు. నిఖా పదిరోజులుందనగా ఓ ఫ్యాన్సీ కొట్లో రంగు లెన్సులు కొన్నారు. చీటీ లేదు, కొలత లేదు, పవరు మాత్రం నోటితో చెప్పారు. డబ్బాలో నీళ్ళు చాలక కుళాయి నీళ్ళు పోశారు. ఎట్లా వుంటాయో చూద్దామని పెద్దమ్మ కూతురు ఒకసారి పెట్టుకున్నది. మెహందీ రాత్రి అలసిపోయి పెళ్ళికూతురు లెన్సుల్తోనే నిద్రపోయింది. పొద్దుటికి ఎడమకన్ను ఎర్రగా నిప్పుకణికలా వుంది, వెలుతురు చూడలేకపోతున్నది. యింట్లో పెద్దలు మందుల షాపులో ఎరుపు పోయే చుక్కలు అడిగి తెచ్చారు. అందులో స్టెరాయిడ్ వుంది. ఎరుపు ఓ పూట తగ్గినట్టే తగ్గింది. మూడోరోజు నల్లగుడ్డు మీద తెల్లగా పుండు తేలింది. అప్పుడు నా దగ్గరకు తెచ్చారు. నేను చేసిందల్లా ఆ సాయంత్రమే హైదరాబాదు పంపటం. గంటగంటకీ చుక్కలు, రాత్రిళ్ళు కూడా నిద్రలేపి వెయ్యటం, నెలల తరబడి రాకపోకలు. కన్ను దక్కింది. నల్లగుడ్డు మీద పువ్వు మాత్రం వుండిపోయింది. అది కళ్ళజోడుతో సర్దుకునే చూపు కాదు. తండ్రి రాకపోకలకీ, మందులకీ పెట్టిన డబ్బుతో ఆ పిల్లకి జీవితమంతా ఏడాదికో కొత్త కళ్ళజోడు కొనొచ్చు. పెళ్ళి తర్వాత జరిగింది, ఆ కుర్రవాడు మంచివాడు. మొదటినుంచీ కళ్ళజోడుతో చూపించినా చేసుకునేవాణ్ణని నాతో అన్నాడు.

లెన్సు కావాలనే అనుకుంటే ఎట్లా కొనాలో చెబుతాను. కళ్ళజోడు చీటీతో లెన్సు కొనకూడదు. ఎందుకంటారా? కళ్ళజోడు కంటికి పన్నెండు మిల్లీమీటర్ల దూరాన వుంటుంది, లెన్సు కంటిమీదే వుంటుంది. పవరు నాలుగు దాటిందంటే అంకె మారుతుంది. కళ్ళజోడులో మైనస్ 5 వున్నవాళ్ళకి లెన్సులో మైనస్ 4.75 చాలు. మైనస్ 8 వుంటే 7.25 చాలు. దానితోపాటు లెన్సు లోపలివైపు వొంపు కొలత, లెన్సు వ్యాసం, యీ రెండూ చీటీలో వుండాలి. డబ్బా మీద 8.6, 14.2 అని అంకెలు కనబడతాయే, అవి అవే. బిగుతు చెప్పు వేసుకుంటే కాలు కాయ కాస్తుంది, బిగుతు లెన్సు పెడితే కంటికి గాలాడదు. సిలిండరు వున్నవాళ్ళకి టోరిక్ అనే రకం వేరు, దాని ధర ఎక్కువ. మొదటిసారి పెట్టించుకునేటప్పుడు ఫిట్టింగు రుసుమని తీసుకుంటారు. అది తప్పించుకోవద్దు. పెట్టటం, తీయటం నేర్పించమనండి, వారం తర్వాత మళ్ళీ చూడమనండి. ఆ చీటీ వచ్చాక, అదే కంపెనీ, అదే రకం లెన్సు ఏ షాపులో తక్కువకి వస్తే అక్కడ కొనండి, ఫోనులో తెప్పించుకోండి, నాకభ్యంతరం లేదు. డబ్బా సీలు, గడువు తేదీ, మీ అంకెలు మూడూ చూసుకోవాలి. ఒక రకం బదులు యింకో రకం "యిదీ అదే" అని యిస్తే పుచ్చుకోకండి.

ఖర్చు లెక్క వేద్దాం. యివి లెక్క కోసం నేను వేసుకున్న ధరలు, మీ వూళ్ళో వేరే వుండొచ్చు. నెలకి మార్చే లెన్సు ఒకటి 200 రూపాయలనుకోండి. రెండు కళ్ళకి ఏడాదికి 24. అంటే 4,800. కడిగే మందు సీసా 400, రెండు నెలలకొకటి, ఏడాదికి 2,400. మొత్తం 7,200. రోజుకో కొత్తజత వేసుకుని పారేసే రకం, ఒక లెన్సు 60 అనుకుంటే, రోజూ వాడితే 730 లెన్సులు, 43,800 రూపాయలు. అమ్మో అంటారు. కానీ వారానికి ఒక్కరోజు, ఏ ఫంక్షనుకో, ఆటకో పెట్టుకునేవాళ్ళకి 104 లెన్సులే, 6,240 రూపాయలు. కడిగే మందు లేదు, డబ్బా లేదు, పుండుపడే భయం కూడా తక్కువ. యిది చాలామందికి తెలీదు. నెల లెన్సంటే ముప్పైసార్లు పెట్టుకునేదని అనుకుంటారు. కాదు. డబ్బా తెరిచిన రోజునుంచి నెల. నాలుగుసార్లే పెట్టుకున్నా నెలకి పారెయ్యాలి. కాబట్టి ఎప్పుడో ఒకసారి పెట్టుకునేవాళ్ళు రోజువారీ రకమే అడగండి, రోజూ పెట్టుకునేవాళ్ళు నెల రకం అడగండి. పక్కన యింకో లెక్క కూడా వేసుకోండి: 1,500 పెట్టి మంచి కళ్ళజోడు కొంటే రెండేళ్ళొస్తుంది. లెన్సు వున్నా ఆ కళ్ళజోడు వుండి తీరాలి, కన్ను ఎర్రబడ్డరోజు లెన్సు పెట్టకూడదు కనక.

ఆదా చెయ్యకూడని చోటు కూడా చెప్పాలి. నెల లెన్సు మూడునెలలు లాగటం, నిన్నటి మందులో యివాళ కొంచెం కొత్తమందు కలపటం, యింట్లో వుప్పునీళ్ళు కాచి పొయ్యటం, యివి వద్దు. 1980లలో అమెరికాలో వుప్పుబిళ్ళలు నీళ్ళలో వేసి లెన్సులు కడుక్కున్నవాళ్ళకి అకంతమీబా అనే సూక్ష్మజీవితో నల్లగుడ్డు పుండ్లు పడ్డాయి. ఆ జీవి కుళాయినీళ్ళలో, బావినీళ్ళలో, చెరువులో ఎక్కడైనా వుంటుంది. వైద్యం చాలా కష్టం. కాచి చల్లార్చిన నీళ్ళయినా, మినరల్ వాటరయినా లెన్సుకి తగలకూడదు. డబ్బా మూడునెలలకొకటి మార్చండి, దాని ఖరీదు టీఖర్చు.

నీళ్ళమాట వచ్చింది కాబట్టి, రోజూ అయిదుపూట్లా వుజూ చేసేవాళ్ళకి. మొహం కడిగేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకోండి, రెప్పలు శుభ్రమైన గుడ్డతో తుడుచుకున్నాకే తెరవండి. స్నానానికి లెన్సు తీసెయ్యండి. లెన్సు ముట్టుకునేముందు సబ్బుతో చేతులు కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. వుజూ మసలా ఏదన్నా వుంటే మౌలానాగారిని అడగండి, అది నా పని కాదు. సుర్మా సంగతి మాత్రం నా పనే. సుర్మా అని అమ్మే పొడుల్లో చాలావాటికి మూలం సీసపు రాయి. సీసం వొంట్లోకి పోతే పసిపిల్లల మెదడుకి చేటు. పండగపూట పెద్దలు పెట్టుకుంటే పెట్టుకోండి గాని, పొత్తిళ్ళలోని బిడ్డకి వద్దు. లెన్సు పెట్టుకునేవాళ్ళు సుర్మా, కాటుక రెప్ప లోపలివైపు అసలు పెట్టకూడదు.

లెన్సున్న కంటికి నొప్పి, ఎరుపు, వెలుతురు పడకపోవటం, మసక, యిందులో ఏ ఒక్కటి వచ్చినా వెంటనే లెన్సు తీసి, పారెయ్యకుండా డబ్బాతో సహా పట్టుకుని ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. ఆ లెన్సు పరీక్షకి పనికొస్తుంది. రేపు చూద్దాం అనొద్దు. మందుల షాపు చుక్కలు ముట్టొద్దు.

రంజాను నెల గురించి కూడా కార్యదర్శిగారు చెప్పమన్నారు. నీటికాసులు, అంటే గ్లాకోమా వున్నవాళ్ళు రోజా పోతుందేమోనని నెలంతా చుక్కలు ఆపేస్తారు. కంట్లో వొత్తిడి పెరిగితే నొప్పి తెలియదు, పోయిన చూపు తిరిగిరాదు. కంటి చుక్కలతో రోజా పోదని చెప్పే వులమాలు చాలామంది వున్నారు. మనసు వొప్పకపోతే, రెండుపూట్ల మందుని సహరీవేళ ఒకసారి, ఇఫ్తారు తర్వాత ఒకసారి వేసుకునేలా డాక్టరుని అడిగి సర్దుకోండి. మానొద్దు. మందు ఖరీదు బరువైతే అదే మందు జనరిక్ పేరుతో దొరుకుతుందేమో అడగండి. వుబ్బసం వున్నవాళ్ళు ఆ సంగతి ముందే డాక్టరుకి చెప్పాలి, టిమొలాల్ అనే చుక్కలు వాళ్ళకి పడవు. షుగరున్నవాళ్ళు చూపు బాగానే వున్నా ఏడాదికోసారి లోపలి రెటీనా చూపించుకోండి. చూపు తగ్గేదాకా ఆగితే ఆలస్యమే.

చివరి సంగతి మన పనివాళ్ళది. మన సభ్యుల్లో దర్జీలు, మగ్గంపని చేసే ఆడవాళ్ళు, మెకానిక్కులు, గడియారాలు బాగుచేసేవాళ్ళు వున్నారు. నలభై దాటాక దగ్గర ఆనదు. అది రోగం కాదు, అందరికీ వచ్చే చత్వారమే. "చెయ్యి తిరగటం లేదు" అని పని తగ్గించుకుంటారు, పిల్లల చేత దారం ఎక్కించుకుంటారు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కోతవాళ్ళకి దగ్గరచూపు అద్దాలిచ్చి చూశారు. 2018లో ఆ ఫలితాలు వచ్చాయి. అద్దాలు యివ్వనివాళ్ళకన్నా యిచ్చినవాళ్ళ కోత 20 శాతానికి పైగా పెరిగింది. రోజుకి కూలి లెక్కన చూసుకుంటే ఆ అద్దం ఖరీదు ఎన్నిరోజుల్లో తిరిగొస్తుందో మీరే చెప్పండి. రెండుకళ్ళకి దూరపుచూపు సమానంగా, బాగా వుండి, సిలిండరు లేనివాళ్ళకి ఫుట్‌పాత్ మీద అమ్మే ప్లస్ అద్దాలు చాలు. వాటిని చులకన చెయ్యక్కర్లేదు. ముందు ఒక్కసారి కంటి వొత్తిడి, రెటీనా చూపించుకుంటే చాలు. పవరు మీరు పనిచేసే దూరం పెట్టుకుని చూసి ఎంచుకోండి. పుస్తకం చదివే దూరం వేరు, మిషను మీద సూది దూరం వేరు.

అందుకని కార్యవర్గానికి ఒక మనవి. ఒక్కొక్కరు ఒక్కొక్క షాపులో అడిగే ధర వేరు, వందమంది తరఫున సంఘం అడిగే ధర వేరు. ప్లస్ ఒకటినుంచి మూడుదాకా అద్దాలు ఓ రెండువందలు టోకున తెప్పించి ఆఫీసులో పెట్టండి. సభ్యులు కొన్న ధరకే తీసుకుంటారు. ఆదివారాల్లో జొహర్ తర్వాత రెండుగంటలు నేను వచ్చి కూర్చుంటాను. బోర్డు నా దగ్గరుంది, పీ.డీ. స్కేలు నా దగ్గరుంది. డాక్టరు చూడాల్సినవాళ్ళని ఏ ఆసుపత్రికి పంపాలో రాసిస్తాను. వచ్చేవాళ్ళు పాత కళ్ళజోడు మరచిపోకుండా తీసుకురండి. యినప్పెట్టెలో వుందే, అది కూడా.